ఇరవై రెండు మూతలు

పాలబొంత చేపల చెరువులో తేలిన శవాన్ని మొదట చూసినవి కొంగలు. తరువాత చూసినవాడు చెరువు యజమాని. మూడోవాడు మేజర్ లాయ్ షెంగ్-హో.

లాయ్‌ని చూసి ఎవరూ మేజర్ అనుకోరు. నాలుగు నెలలుగా మాదో ఊళ్లో అతను పంపరపనసకాయలు అమ్ముకునే బండి అన్న. కాళ్లకు రబ్బరు చెప్పులు, మెడలో తువ్వాలు, వక్క నమిలి నమిలి ఎర్రబారిన పళ్లు. వేషం కోసం మొదలుపెట్టిన వక్క ఇప్పుడు నిజంగానే అలవాటైపోయింది. నెలకోసారి ఇంటికి వెళ్తే, ఎదురుగా కూర్చుని నవ్వొద్దని భార్య ముందే చెప్పేస్తుంది.

పోలీసులు శవాన్ని గట్టుకు లాగారు. పేరు ఆ-శుయ్. నలభై దాటని మనిషి. హైవే మరమ్మతులు చేసే కాంట్రాక్టరు దగ్గర పనివాడు. తాగి కాలు జారి పడ్డాడని పోలీసులు రాసేసుకున్నారు. లాయ్ మాత్రం అతని మణికట్ల చుట్టూ నల్లగా కమిలిన గీతలు చూశాడు. తాగి పడిపోయేవాడి చేతులు ముందుగా ఎవరూ కట్టరు.

గట్టు మీద ఆ-శుయ్ స్కూటరు నిలబడి ఉంది. దాని కొక్కానికి ఒక ప్లాస్టిక్ డబ్బా వేలాడుతోంది. డబ్బా అడుగున ఎండిపోయిన తెల్లటి జిగురు. లాయ్ గోటితో గీకి చూశాడు. రాయిలా ఉంది. చిన్న పెళ్ల ఒకటి ఊడదీసి ఖాళీ వక్కల పెట్టెలో వేసుకున్నాడు. కాయల కిందున్న వైర్‌లెస్‌లో ల్యాబ్ మనిషిని పిలిచి, దాన్ని సాయంత్రంలోగా తీసుకుపొమ్మన్నాడు. తరువాత తన సైనిక గూఢచారి విభాగం అధిపతి కర్నల్ గువాన్‌తో మాట్లాడాడు.

కర్నల్ గొంతు ఎప్పటిలాగే పొడిగా ఉంది. రేపు పొద్దున్న ఆరింటికి డ్రిల్‌లో మూడు జెట్లు మాదో హైవే మీద దిగుతాయనీ, దేశమంతా టీవీలో చూస్తుందనీ గుర్తుచేశాడు. లాయ్‌కి ఆ సంగతి ఎవరూ గుర్తుచేయనక్కర్లేదు. యుద్ధం వచ్చిన మొదటి గంటలోనే వైమానిక స్థావరాల రన్‌వేలు గుంతలు పడిపోతాయి. అప్పుడు విమానాలకు మిగిలేది ఈ రోడ్లే. ఆ నమ్మకం మీదే ఈ దీవి జనం రాత్రిళ్లు కన్ను మూస్తున్నారు. రేపు ఆ రోడ్డు మీద, అన్ని కెమెరాల ముందు, ఒక్క విమానం కాలిపోయినా చాలు. సముద్రం అవతలి ఒడ్డు వాళ్లకు ఇక ఒక్క క్షిపణి కూడా ఖర్చు కాదు. ఏదో జరగబోతోందని లాయ్‌కి నాలుగు నెలలుగా తెలుసు. ఎక్కడ, ఎలా అన్నదే తెలియదు.

"నీ జింకను అడుగు," అన్నాడు కర్నల్.

"అడుగుతాను సర్. ఆ రెండో సంగతి కూడా ఇవాళ చెప్పేస్తాను."

"డ్రిల్ అయ్యేదాకా వద్దు. ఇది ఆర్డర్, లాయ్."

*

హైవే మలుపు దిగగానే సర్వీసు రోడ్డు పక్కన గాజు గోడల వక్కల కొట్టు ఒకటి ఉంటుంది. పగలు కూడా గులాబి, ఆకుపచ్చ ట్యూబులైట్లు వెలుగుతూనే ఉంటాయి. లోపల ఎత్తు స్టూలు మీద నీలం పూసల గౌను వేసుకుని కూర్చుని, వంకర కత్తితో వక్కలు చీల్చి, సున్నం రాసి, ఆకు చుట్టి అమ్మే అమ్మాయి పేరు జింక. ఆ దారిన వెళ్లే లారీ డ్రైవర్లంతా అలాగే పిలుస్తారు. అసలు పేరు యే పెయ్-షాన్. ఇరవై తొమ్మిదేళ్లు. పెట్టుడు కనురెప్పల వెంట్రుకలు, వేళ్ల మధ్య ఎప్పుడూ పోని సున్నం తెలుపు.

రెండేళ్లుగా ఆమె అవతలి ఒడ్డు మనిషి. తండ్రి చేపపిల్లల వ్యాపారి. సరుకుతో అక్కడికి వెళ్తే ఏదో కేసు మోపి లోపలేశారు. కొన్నాళ్లకు రొయ్యల ఎగుమతిదారు హు అనే పెద్దమనిషి ఆమె కొట్టు ముందు కారు ఆపి, ఫోనులో తండ్రి గొంతు వినిపించాడు. చెప్పిన పని చేస్తే ఆయన ఇంటికొస్తాడన్నాడు. సైనికుల లారీలు ఎన్ని వెళ్లాయి, ఏ రంగు నంబరు ప్లేట్లు, డ్రైవర్లు ఏం మాట్లాడుకున్నారు, అన్నీ ఆమె వక్కల పెట్టెల అడుగున రాసి పంపేది. నాలుగు నెలల కిందట లాయ్ ఆమెను పట్టుకున్నాడు. అరెస్టు చేయలేదు. నీ తండ్రిని మేము తెస్తాం, ఇకనుంచి మాకు పని చెయ్యి అన్నాడు. ఆమె ఒప్పుకుంది. అలా ఒక తండ్రి కోసం ఇద్దరు యజమానుల దగ్గర చేరింది.

లాయ్ బండి ఆపి, అద్దం దగ్గరికి వంగి, రోజూ అడిగే మాటే అడిగాడు. "లేతవి ఉన్నాయా?"

దాచిపెట్టాను అంటే కబురుంది అని. అయిపోయాయి అంటే పక్కన ఎవరో వింటున్నారని. ఆ రోజు ఆమె రెండూ అనలేదు. "అన్నా, ఇవాళ మీ పళ్లు చూస్తుంటే నాకే భయమేస్తోంది. కాస్త మానెయ్యండి," అంది. నవ్వబోయి ఆగిపోయింది.

ఆ-శుయ్ చనిపోయాడని లాయ్ చెప్పాడు. ఆమె చేతిలో కత్తి జారి చూపుడు వేలు తెగింది. వేలు నోట్లో పెట్టుకుని, ఆ మనిషి రోజూ రెండు పెట్టెలు కొనుక్కుని పోయేవాడనీ, అంతకుమించి తనకేమీ తెలియదనీ చెప్పింది. అబద్ధమని లాయ్‌కి తెలుస్తూనే ఉంది. కానీ గట్టిగా అడగడానికి నోరు పెగల్లేదు. ఎందుకంటే అతని దగ్గర అంతకంటే పెద్ద అబద్ధం ఉంది.

ఆమె తండ్రి ఆగస్టు పందొమ్మిదిన, అవతలి ఒడ్డున ఒక జైలు ఆసుపత్రిలో, మూత్రపిండాలు పాడై చనిపోయాడు. వారం తిరిగేసరికి ఆ కబురు లాయ్ ఆఫీసుకి చేరింది. కర్నల్ ఆ కాగితాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాడు. తండ్రి లేడని తెలిస్తే ఆమె ఎవరికీ పని చేయదని ఆయన వాదన. మూడు వారాలుగా ఆమె, నాన్న వచ్చాక గది రంగు మార్చాలనీ, పాలబొంత జావలో అల్లం ఎక్కువ వేస్తేనే ఆయన తింటాడనీ చెబుతూ ఉంటే, లాయ్ తలూపుతూ వక్క నమిలాడు.

*

తెల్లవారుజాము నాలుగున్నరకు హైవే ఖాళీగా, నల్లగా, నదిలా ఉంది. రెండు రోజుల ముందే మధ్యనున్న డివైడరు దిమ్మలన్నీ క్రేన్లతో ఎత్తేశారు. రాత్రంతా ఎనిమిది వందల మంది సైనికులు భుజం భుజం ఆనించి, వంగి, రెండు కిలోమీటర్ల ఏడు వందల మీటర్ల రోడ్డును చేతులతో ఏరారు. గులకరాయి, మేకు, సిగరెట్ పీక, ఏదీ మిగల్లేదు. జెట్ ఇంజన్ నోరు పొట్ట కింద నేలకు దగ్గరగా ఉంటుంది. రోడ్డు మీద ఏది వదులుగా ఉన్నా గుటుక్కున మింగేస్తుంది. ఏరడం అయ్యాక సైనికులను లారీలెక్కించి దూరంగా పంపేశారు. చివరగా నీళ్ల ట్యాంకర్లు వచ్చి రోడ్డంతా కడిగి వెళ్లాయి.

లాయ్ కంట్రోల్ ట్రక్కు పక్కన పనివాళ్ల పసుపు కోటు వేసుకుని నిలబడ్డాడు. అయిదూ నలభైకి ల్యాబ్ నుంచి ఫోను వచ్చింది. ఆ పెళ్ల పొడిగా ఉన్నంతకాలం ఉక్కులా పట్టుకునే జిగురట. తడిస్తే గంటా గంటన్నరలో కరిగిపోతుందట.

లాయ్ తడిసి మెరుస్తున్న రోడ్డు వైపు చూశాడు. డివైడరు దిమ్మల కింద ఇనుప కడ్డీలు దిగే గుంతలు ఉంటాయి. దిమ్మలు ఎత్తేశాక ఒక్కో గుంతకూ అరచేతిలో ఇమిడే ఉక్కు మూత పెట్టి అతికించారు. అతికించిన ముఠాలో ఆ-శుయ్ ఉన్నాడు. సరిగ్గా రన్‌వే నడిబొడ్డున, విమానం ముందు చక్రం పరుగెత్తే గీత వెంట, అలాంటి మూతలు పద్దెనిమిది వందలు ఉన్నాయి. నిన్న పొడిగా ఉన్నప్పుడు ఒక్కో మూతనూ లాగి చూసి పాసు చేశారు.

అతను ట్రక్కులోకి దూకి చెప్పాడు. కంట్రోల్ అధికారి మొహం పాలిపోయింది. అతని దగ్గర అంతకంటే పెద్ద కష్టం అప్పటికే ఉంది. పావుగంట కిందట స్థావరం మీద కుండపోత వాన, పిడుగులు మొదలయ్యాయి. దక్షిణాన కూడా అదే సంగతి. మూడు జెట్లలో రెండు కొండలు దాటి తూర్పు తీరానికి మళ్లాయి. మూడోది మళ్లలేదు. దానిలో ఒక ట్యాంకు నుంచి ఇంధనం ఇంజన్‌కు అందడం లేదు. మేజర్ ఫాన్ నడుపుతున్నాడు. ఇంకా పద్నాలుగు నిమిషాలు గాల్లో ఉండగలడు. ఈ రోడ్డు తప్ప అతనికి ఇంకో నేల లేదు.

"దూకేయమనండి," అన్నాడు లాయ్.

"దూకితే అతను బతుకుతాడు. విమానం ఎక్కడ పడుతుంది? కింద అన్నీ ఊళ్లే. అతను ఒప్పుకోడు."

"రోడ్డుకి ఒక పక్కగా దించమంటే?"

"ఈ అడ్డగాలిలో, తడిరోడ్డు మీదా? రెక్క గట్టుకి తగులుతుంది." అధికారి వాచీ చూసుకున్నాడు. "నా దగ్గర ఆరుగురు ఫైర్ వాళ్లున్నారు. పద్దెనిమిది వందల మూతలు. ఏవి పీకమంటావు?"

ఏవో తెలిసిన ఆ-శుయ్ బతికి లేడు. లాయ్ ఫైర్ డిపార్ట్‌మెంట్ జీపు లాక్కుని, తాళాలు తిప్పి, రోడ్డు మీద ఎదురు దిశలో మలుపు వైపు దూకించాడు.

*

గాజు కొట్టులో దీపాలు వెలుగుతున్నాయి. కొట్టు ముందు ఎవరూ లేరు. జింక స్టూలు మీద నిటారుగా కూర్చుని ఉంది. ఆ రాత్రి ఆమె నిద్రపోలేదని చెదిరిన కాటుకే చెబుతోంది. లాయ్ తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు. నాలుగు నెలల్లో అతను ఆ గడప దాటడం అదే మొదటిసారి.

"ఏ మూతలు?" అన్నాడు.

ఆమె తల వంచుకుని బల్ల మీది సున్నం తుడిచింది.

పైన మనిషి ఉన్నాడనీ, దిగడానికి ఇంకో చోటు లేదనీ, పన్నెండు నిమిషాలే మిగిలాయనీ లాయ్ గబగబా చెప్పాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. టైరు పగులుతుంది, అందరూ నవ్వుతారు, అంతేనని హు చెప్పాడు అని మాత్రం గొణిగింది. నిన్న ఆ-శుయ్ శవం తేలాక అది అంతే కాదని తనకూ తెలిసిందట. అయినా నోరు విప్పితే అవతల తండ్రి ప్రాణం పోతుంది. ఎవరో ముక్కూ మొహం తెలియని పైలట్ కోసం తండ్రిని చంపుకోమని ఏ కూతురినీ అడగకండి అన్నా, అని చేతులు జోడించింది.

లాయ్ ఆ జోడించిన చేతులు చూశాడు. చూపుడు వేలికి కట్టు. గోళ్ల చుట్టూ సున్నం. కర్నల్ ఆర్డర్ గుర్తొచ్చింది. ఈ మాట చెబితే ఆమె కుప్పకూలిపోవచ్చు. ద్వేషంతో నోరు శాశ్వతంగా మూసుకోవచ్చు. చెప్పకపోతే అసలు దారే లేదు. అంతకన్నా, ఇంకో నిమిషం ఆ అబద్ధాన్ని మోయడం అతని వల్ల కాలేదు.

"మీ నాన్న లేడు, పెయ్-షాన్."

ఆమె అర్థం కానట్టు చూసింది.

"పోయాడు. జైలు ఆసుపత్రిలో. మూత్రపిండాలు పాడైపోయాయి."

"ఎప్పుడు?"

"ఆగస్టు పందొమ్మిది."

హైవే మీద ఎక్కడో సైరన్ ఒకటి మోగి ఆగింది. ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటోంది. ఈ నెల ఒకటో తారీఖున హు ఫోనులో నాన్న గొంతు వినిపించాడని మెల్లగా చెప్పింది. చలెక్కువగా ఉంది, స్వెటర్ వేసుకో అన్నాడట ఆయన. సెప్టెంబరు ఎండలో. ఎప్పటిదో పాత రికార్డింగ్ అని తనకు అప్పుడే తెలిసిపోయిందట. తెలియనట్టు ఉండిపోయిందట.

"నీకు ఎప్పుడు తెలిసింది?" అంది. ఎప్పుడూ మీరు అనే మనిషి.

"ఇరవై ఆరున."

"ఇరవై రోజులు." గొంతు పెంచలేదు. "రోజూ వచ్చి వక్క కొనుక్కున్నావు. జావలో అల్లం సంగతి చెబుతుంటే విన్నావు. వాళ్లు చచ్చిపోయినవాడి గొంతు వినిపించి పని చేయించుకున్నారు. నువ్వు అదీ వినిపించకుండా చేయించుకున్నావు."

లాయ్ వాచీ చూడకుండా ఉండడానికి చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

ఆమె స్టూలు దిగింది. ఎత్తు మడమల చెప్పులు విప్పి మూలకు విసిరేసింది. వంకర కత్తి చేతిలోకి తీసుకుంది. లాయ్ ఒక్క క్షణం ఆ కత్తి తనకోసమే అనుకున్నాడు. పక్కకు జరగలేదు.

"ఇరవై రెండు మూతలు," అందామె, అతన్ని దాటుకుని తలుపు వైపు నడుస్తూ. "మొన్న తెల్లవారుజామున ముఠా వెళ్లిపోయాక ఆ-శుయ్ వాటి జిగురు మార్చాడు. లైటు పట్టుకున్నది నేనే. బండి తియ్యి."

*

జీపు రన్‌వే మీద గంటకు నూటపది కిలోమీటర్ల వేగంతో పోతోంది. తూరుపు తెల్లబడింది. ఎమర్జెన్సీ ఫోను డబ్బా దగ్గర మొదలుపెట్టారనీ, దక్షిణంగా వెళ్లారనీ, ఆ-శుయ్ ఒక్కొక్కటీ పైకి లెక్కపెట్టాడనీ ఆమె చెబుతుంటే, లాయ్ వైర్‌లెస్‌లో ఫైర్ వాళ్లను అక్కడికి రమ్మన్నాడు. కంట్రోల్ అధికారి గొంతు వచ్చింది. ఫాన్‌కి ఇంకా ఆరు నిమిషాలట. ఒక్కసారే దిగగలడట, మళ్లీ లేచి తిరిగొచ్చే వీలు లేదట.

ఫోను డబ్బా దగ్గర బండ్లను రోడ్డు బయటికి నెట్టేసి, ఎనిమిది మంది మోకాళ్ల మీద పడ్డారు. జిగురు నిజంగానే గంజిలా అయిపోయింది. కొన్ని మూతలు వేలు పెడితే వచ్చేశాయి. కొన్ని సగం కరిగి సగం పట్టుకుని ఉన్నాయి. వాటిని ఆమె కత్తి మొన దూర్చి, వక్క చీల్చినంత సులువుగా లేపేసింది. ఏ గుంతదో చూపించడం, తరువాతి దానికి పాకడం. మోకాళ్లు గీసుకుపోయి రక్తం కారుతోంది. గౌను పూసలు రాలి తడిరోడ్డు మీద మెరుస్తుంటే, ఒక ఫైర్ మనిషి మూతలతో పాటు వాటిని కూడా ఏరి జేబులో వేసుకుంటున్నాడు.

"పందొమ్మిది," అన్నాడు లాయ్. "ఇరవై."

ఉత్తరాన మబ్బు కింద తెల్లటి దీపం ఒకటి కనిపించింది. చప్పుడు లేదు. దీపం మాత్రం పెద్దదవుతోంది.

"ఇరవై ఒకటి."

తరువాతి గుంత మూత గట్టిగా ఉంది. దాని తరువాతిది కూడా. ఫైర్ మనిషి సుత్తితో కొట్టి చూశాడు. కదల్లేదు. ఆమె లెక్క తప్పి ఉంటుందన్నాడు. ఇక తప్పుకోవాలన్నాడు. వైర్‌లెస్‌లో కంట్రోల్ అధికారి, రోడ్డు ఖాళీ చేయండి అని అరుస్తున్నాడు. అందరూ గట్టు వైపు పరుగెత్తారు.

ఆమె కదల్లేదు. "ఇరవై రెండు," అంది. "ఇరవై రెండు అని చెప్పి నవ్వాడు. నాకు తెలుసు."

ఈ నాలుగు నెలల్లో ఆమె తనతో ఎన్ని అబద్ధాలు చెప్పిందో లాయ్‌కి తెలుసు. తాను ఆమెతో చెప్పినదీ తెలుసు. ఈ మాట మాత్రం నిజమని అతనికి అనిపించింది. గుంతల వరసను వదిలేసి, నీళ్ల ట్యాంకరు వెళ్లిన దిక్కు చూశాడు. నోరు తెరుచుకున్న గుంతలు లెక్కపెడుతూ వెనక్కి ఒక్క పరుగు తీశాడు. ఇరవయ్యో గుంతకు కాస్త ముందు ఒక గుంత నోరు తెరుచుకుని ఉంది. మూత లేదు. పీకినవాటిలో ఒకటి అనుకుని ఇందాక అందరూ దాన్ని దాటి వచ్చేశారు. అంటే ట్యాంకరు నీళ్ల జోరుకే ఊడి ఎక్కడికో కొట్టుకుపోయింది.

బూడిదరంగు రోడ్డు మీద బూడిదరంగు మూత. ఇద్దరూ చెరో వైపు వంగి వెతుకుతున్నారు. ఇప్పుడు చప్పుడు కూడా వచ్చింది. ముందు ఈల, తరువాత నేల అదురు. వైర్‌లెస్‌లో ఫాన్ గొంతు తాపీగా పలికింది. "రన్‌వే మీద నీలం గౌను వేసుకున్న మనిషి కనిపిస్తోంది. నాకు గాలి సరిగ్గా అందడం లేదా, లేక నిజమా?"

ఇద్దరూ తల ఎత్తకుండా వెతుకుతూనే ఉన్నారు.

చక్రాలు నేలను తాకాయి. తడిరోడ్డు మీద పొగలా నీళ్లు లేచాయి. ఆరు వందల మీటర్ల దూరం. ఆమె ముందుకు పడింది. కావాలనే పడిందని లాయ్‌కి తరువాత తెలిసింది. బొజ్జ మీద పడి, రెండు చేతులూ చాచి, గీతకు జానెడు అవతలున్న మూతను వేళ్లతో అందుకుంది. లాయ్ ఆమె నడుము పట్టుకుని లాగాడు. ఇద్దరూ దొర్లుకుంటూ గట్టుకు కొట్టుకున్నారు. వాళ్ల మీదుగా వేడిగాలి, నీళ్లు, ఉరుము లాంటి మోత. చెవులు మూసుకుపోయాయి. విమానం తోక దగ్గర పారాచ్యూట్ విచ్చుకుంది. రెండు కిలోమీటర్లు దాటాక, ఇంకో వంద మీటర్లు ఉందనగా, విమానం నిలబడింది.

ఇంజన్ ఆపకముందే ఇంధనం అయిపోయి అదే ఆగిపోయిందని తరువాత మెకానిక్కులు చెప్పారు.

ఆమె ఇంకా బోర్లా పడుకునే ఉంది. పిడికిలి విప్పలేదు. లాయ్ పక్కన కూర్చున్నాడు. కాసేపటికి ఆమె భుజాలు అదరడం మొదలుపెట్టాయి. నాన్నా అన్న ఒక్క మాట తప్ప ఆ ఏడుపులో ఇంకేమీ వినిపించలేదు. అతను తన పసుపు కోటు విప్పి ఆమె మీద కప్పాడు. ఆమె దాన్ని తోసేసింది.

*

హు ఆ పొద్దున్నే రేవులో దొరికాడు. పడవ ఇంజను వేసి, టీవీలో విమానం కాలే దృశ్యం కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడట. ఆ-శుయ్ చేతులు కట్టిన ఇద్దరూ మర్నాడు దొరికారు. టీవీలో డ్రిల్ జయప్రదం అని చెప్పారు. వాన వల్ల రెండు విమానాలు రాలేదు, వచ్చినది బ్రహ్మాండంగా దిగింది. విమానం ఇంజనులో మూడు నీలం పూసలు ఎలా వచ్చాయో మెకానిక్కుల రిపోర్టులో ఎవరూ రాయలేకపోయారు.

పెయ్-షాన్ మీద కేసు మూసేశారు. లాయ్ తన రాజీనామా కాగితాన్ని కర్నల్ బల్ల మీద పెట్టి, కేసు మూసేస్తే సరే, లేకపోతే ఈ కాగితం తీసుకోండి అన్నాడు. కర్నల్ కాగితం చింపేశాడు. ఆ తరువాత మూడు వారాలకు, పడవలో చిన్న పెట్టెలో ఆమె తండ్రి అస్థికలు వచ్చాయి. లాయ్ దూరంగా నిలబడి చూశాడు. దగ్గరికి రమ్మని ఆమె పిలవలేదు. వెళ్లిపొమ్మని కూడా అనలేదు.

రహస్యం రహస్యంగానే ఉంది. అందుకే హైవే పోలీసులకు ఎవరూ ఏమీ చెప్పలేదు. వాళ్ల కెమెరాలో మాత్రం, ఆ పొద్దున్న ఎక్స్‌ప్రెస్ రోడ్డు మీద ఫైర్ యూనిఫారం లేని ఇద్దరు మనుషులు కాలినడకన తిరిగినట్టు స్పష్టంగా ఉంది. ఇద్దరికీ నోటీసులు వచ్చాయి. ఫలానా శనివారం పొద్దున్న, మూడు గంటల రోడ్డు భద్రత క్లాసుకు తప్పక హాజరు కావలెను.

క్లాసులో ఖాళీగా ఉన్నది ఒక్క బెంచీ. ఇద్దరూ దాని చెరో చివర కూర్చున్నారు. ఆమె మామూలు చొక్కా వేసుకుని, పెట్టుడు రెప్పవెంట్రుకలు లేకుండా, స్కూలు టీచరులా ఉంది. ముసలి పోలీసు ఒకాయన తెర మీద బొమ్మలు చూపిస్తూ, హైవే మీద నడిచేవాడంత తెలివితక్కువవాడు లోకంలో ఉండడని రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ వీళ్లవైపే చూశాడు. చివర్లో పరీక్ష కాగితం ఇచ్చారు.

ఆమె సంచీలో వెతుక్కుంది. కాసేపు ఆగింది. ముందుకు చూస్తూనే, "పెన్ను ఉందా?" అంది. అన్నా అనలేదు. మీరనీ, నువ్వనీ కూడా అనలేదు. నెలా పది రోజుల్లో అదే మొదటి మాట.

లాయ్ జేబులో ఉన్నది ఆఫీసు పెన్ను. ఇచ్చే ముందు దాని మూత సగం తిప్పి, రికార్డింగ్ ఆపేశాడు.